ఇంటర్ పరీక్షలయ్యాక ఎప్‌సెట్ మార్కులు పెంచుకోవాలంటే: షార్ట్ టర్మా, ఆన్‌లైనా, సొంతంగానా, లాంగ్ టర్మా?

ఇంటర్ సెకండియర్ చివరి గ్రూపు పరీక్ష రాసి బయటికొస్తే చాలు, గేటు దగ్గరే చేతిలో పాంప్లెట్ పెడతారు. షార్ట్ టర్మ్, ఏసీ క్లాస్‌రూమ్, రోజుకో గ్రాండ్ టెస్ట్. ఆ సాయంత్రమే ఇంట్లో చర్చ మొదలవుతుంది. నాన్నకి ఒక కాలేజీ పేరు నచ్చుతుంది, మేనమామ ఇంకోటి చెబుతాడు, పిల్లాడి ఫ్రెండ్స్ అంతా మూడోదాంట్లో చేరిపోయి ఉంటారు. ఈ గొడవలో అసలు అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు: వీడికి మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ఈ వ్యాసం ఎంపీసీ పిల్లల కోసం, ఇంజినీరింగ్ ఎప్‌సెట్ (ఇప్పటికీ చాలా ఇళ్లలో ఎంసెట్టే) రాయబోయేవాళ్ల కోసం. కాలేజీల పేర్లు పోల్చడం లేదు. ఒకే కాలేజీలో ఒక క్యాంపస్‌కీ ఇంకో క్యాంపస్‌కీ, ఒక సెక్షన్‌కీ ఇంకో సెక్షన్‌కీ పొంతన ఉండదు కాబట్టి ఆ పోలిక వల్ల పెద్దగా ఉపయోగం లేదు. పోల్చాల్సింది చదివే పద్ధతుల్ని.

ముందు పరీక్ష సంగతి

160 బిట్లు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. బిట్టుకు ఒక మార్కు, నెగెటివ్ మార్కులు లేవు. లెక్కేస్తే ఒక్కో బిట్టుకు 67 సెకన్లు. జేఈఈ మెయిన్‌లో ఇవే మూడు గంటల్లో 75 ప్రశ్నలు చేస్తే సరిపోతుంది, అంటే ఒక్కోదానికి దాదాపు రెండున్నర నిమిషాలు. అక్కడ తప్పు చేస్తే మార్కు కట్. ఇక్కడ ఆ భయం లేదు, కానీ ఆలోచించే తీరికా లేదు. జేఈఈ బ్యాచ్‌లో రెండేళ్లు చదివిన తెలివైన పిల్లలు కూడా ఎప్‌సెట్‌లో అనుకున్న ర్యాంకు తెచ్చుకోలేకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

రెండోది, చేతిలో ఉన్న రోజులు. 2025లో తెలంగాణలో ఇంటర్ పరీక్షలు మార్చి చివరి వారంలో ముగిశాయి, ఇంజినీరింగ్ ఎప్‌సెట్ మే 2న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మార్చి 20 ప్రాంతంలో అయిపోయింది, ఇంజినీరింగ్ ఎప్‌సెట్ మే 21 నుంచి జరిగింది. అంటే తెలంగాణలో నెలా పది రోజులైతే ఆంధ్రప్రదేశ్‌లో రెండు నెలలు. హైదరాబాద్ పిల్లాడికి సరిపోయిన సలహా విజయవాడ పిల్లాడికి సరిపోకపోవచ్చు.

మూడోది, ఇంటర్ మార్కుల లెక్క. తెలంగాణ 2023 నుంచి ఇంటర్ వెయిటేజీ పూర్తిగా తీసేసింది. ఎప్‌సెట్ మార్కుల మీదే ర్యాంకు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వ్‌డ్ కేటగిరీలకు 40) ఉంటే అర్హత. ఆంధ్రప్రదేశ్‌లో ఎప్‌సెట్‌కు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం. దీని గురించి లాంగ్ టర్మ్ (ఏడాది ఆగి మళ్లీ రాయడం) దగ్గర మళ్లీ మాట్లాడుకుందాం.

పోయిన మార్కులు మూడు రకాలు

ఏ దారి అని తేల్చుకునే ముందు ఒక పని చేయండి. మీ రాష్ట్ర ఎప్‌సెట్ అధికారిక సైట్‌లో పాత పేపర్లు, కీలు ఉంటాయి. ఏదో ఒక సెషన్ పేపర్ తీసుకుని ఒక రోజు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా, మధ్యలో లేవకుండా రాయండి. రివిజన్ అయ్యాక రాద్దాంలే అనుకోవద్దు, ఇప్పుడున్న స్థితిలోనే రాయండి. తర్వాత కీ చూసుకుని పోయిన ప్రతి బిట్టు పక్కనా మూడింట్లో ఒకటి రాయండి.

"రాదు": చాప్టరే రాదు, ఫార్ములా తెలియదు, తీరిగ్గా కూర్చున్నా చేయలేను.
"టైమ్": ఇంట్లో కూర్చుంటే చేస్తాను, హాల్లో అందలేదు.
"తప్పు": వచ్చు, చేశాను, ప్లస్ మైనస్ తారుమారైంది లేదా ప్రశ్న సరిగా చదవలేదు.

ఇద్దరు పిల్లలకూ 160కి 72 వచ్చాయనుకుందాం. ఒకరికి పోయిన 88లో రాదు 30, టైమ్ 38, తప్పు 20. ఇంకొకరికి రాదు 60, టైమ్ 10, తప్పు 18. మార్కులు ఒకటే, రోగాలు వేరు. మొదటి పిల్లాడికి రోజూ టెస్ట్ పెట్టే చోటు కావాలి. రెండో అమ్మాయికి రోజూ టెస్ట్ పెడితే రోజూ అవే 60 పోతాయి, మిగిలేది టెన్షన్ ఒక్కటే. ఆమెకు కావాల్సింది పాఠం. ఇద్దర్నీ ఒకే షార్ట్ టర్మ్ బ్యాచ్‌లో కూర్చోబెడతారు మనవాళ్లు.

ఈ మూడు అంకెలు కాగితం మీద పెట్టుకున్నాకే కింది నాలుగు దారులూ చదవండి.

షార్ట్ టర్మ్ కోచింగ్

ఉదయం క్లాసులు, మధ్యాహ్నం టెస్ట్, సాయంత్రం నుంచి స్టడీ అవర్స్. నలభై రోజుల్లో రెండేళ్ల సిలబస్ తిప్పాలి కాబట్టి ఒక్కో చాప్టర్‌కు పూటకంటే ఎక్కువ దొరకదు. అది రివిజనే తప్ప బోధన కాదు. ఇంటర్‌లో మ్యాట్రిక్సులు బాగా చేసి మర్చిపోయినవాడికి ఆ పూట చాలు. అప్పుడూ అర్థం కానివాడికి ఇప్పుడూ కాదు.

దీని అసలు బలం క్రమశిక్షణ. ఏప్రిల్ ఎండల్లో, కరెంటు పోయినప్పుడు, ఐపీఎల్ నడుస్తుండగా, ఇంట్లో ఒక్కడే రోజుకు ఎనిమిది గంటలు కూర్చునే పిల్లలు తక్కువే. పక్కన యాభై మంది రాస్తుంటే మనమూ రాస్తాం. "టైమ్" బిట్లు ఎక్కువున్నవాళ్లకు ఇది బాగా పనిచేస్తుంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. టెస్ట్ పెట్టాక మార్కులు బోర్డు మీద అంటిస్తారు, మర్నాడు ఇంకో టెస్ట్. మధ్యలో తప్పులు చూసుకునే టైమే ఉండదు. చేరే ముందు ఫ్యాకల్టీ గురించి అడిగేకంటే ఈ ఒక్కటి అడగండి: "టెస్ట్ అయ్యాక ఆ పేపర్ మీద మా అబ్బాయికి ఎంత టైమ్ ఇస్తారు? డౌట్ ఉంటే ఎవరి దగ్గరికెళ్లాలి?" జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే అక్కడ మీరు కొంటున్నది టెస్ట్ పేపర్లే. అవి ఇంకా చవగ్గా దొరుకుతాయి.

జేఈఈ మెయిన్ రెండో విడత రాసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. 2025లో అది ఏప్రిల్ 2 నుంచి 9 వరకు జరిగింది. తెలంగాణ షార్ట్ టర్మ్ బ్యాచ్‌లు అప్పటికే పది రోజులు నడిచిపోయి ఉంటాయి. ఆ పది రోజుల చాప్టర్లు మళ్లీ చెబుతారా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి.

హాస్టలా డే స్కాలరా అంటే, ఇంటి నుంచి ప్రయాణం రోజుకు గంటన్నర దాటకపోతే డే స్కాలరే మేలని నా అభిప్రాయం. రెండేళ్లు హాస్టల్లో ఉండి వచ్చినవాడికి ఇంటి తిండి, ఇంట్లో నిద్ర నలభై రోజులైనా దొరకాలి. ఇల్లు ఇరుకైతే, చుట్టాల రాకపోకలు ఎక్కువైతే అప్పుడు హాస్టలే నయం.

ఆన్‌లైన్ కోర్సు, టెస్ట్ సిరీస్

ఇవి రెండూ కలిపి అమ్ముతారు కానీ రెండూ వేర్వేరు వస్తువులు.

రికార్డెడ్ క్లాసులు "రాదు" బిట్లు ఎక్కువున్నవాళ్లకు పనికొస్తాయి. అర్థం కాని చాప్టర్ ఒకటి తీసుకుని మూడుసార్లు ఆపి ఆపి చూడొచ్చు. షార్ట్ టర్మ్ క్లాసులో ఆ వీలు లేదు. కాకపోతే వీడియో చూస్తుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. సార్ చేస్తుంటే తలూపడం వేరు, తెల్ల కాగితం మీద తనే చేయడం వేరు. గంట వీడియో చూస్తే గంటన్నర బిట్లు చేయాలి. ఆ నియమం పెట్టుకోలేనివాళ్లకు ఆన్‌లైన్ క్లాసు టీవీ చూడటంతో సమానం. పైగా చూసేది ఫోన్లో. నోటిఫికేషన్ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

కోర్సు ఏ భాషలో ఉందో కూడా చూసుకోండి. ఎప్‌సెట్ ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లాడికి 'అవకలనం', 'సమాకలనం' అన్న పదాలతో అలవాటైన లెక్క ఇంగ్లిష్ లెక్చర్‌లో కొత్తగా కనిపిస్తుంది. అలాంటివాళ్లు తెలుగు అకాడమీ పుస్తకాల పదాలతోనే చెప్పే పాఠాలు వెతుక్కోవాలి. తెలంగాణలో టీ-శాట్ (ప్రభుత్వ విద్యా ఛానల్) పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. డబ్బు కట్టే ముందు అవి ఓ వారం చూసి సరిపోతాయో లేదో తేల్చుకోవచ్చు.

ఇక టెస్ట్ సిరీస్. తక్కువ డబ్బుకు ఎక్కువ మార్కులు ఎక్కడొస్తాయని అడిగితే నేను దీన్నే చెబుతాను. అయితే రెండు షరతులు. ఒకటి, అది ఎప్‌సెట్ పద్ధతిలోనే, అంటే 160 బిట్లు, 180 నిమిషాలతో ఉండాలి. జేఈఈ కోసం తయారైన టెస్టులకు పేరు మార్చి అమ్మేవి వద్దు, వాటితో చేయి నెమ్మదిస్తుంది. రెండు, కంప్యూటర్ మీద రాయాలి, ఫోన్ మీద కాదు. తెర మీద ప్రశ్న చదివి, రఫ్ పేపర్ మీద చేసి, మళ్లీ తల ఎత్తి ఆప్షన్ నొక్కడం వేరే అలవాటు. ఆప్షన్ ఎంచుకుని 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కకుండా పక్కన నంబర్ల మీద నొక్కి వెళ్లిపోతే జవాబు నమోదు కాదు. ఇలాంటివి ఇంట్లోనే తెలిసిపోవాలి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే నెట్ సెంటర్‌లో వారానికి రెండుసార్లు మూడు గంటలు కూర్చున్నా చాలు. అధికారిక సైట్లలో మాక్ టెస్ట్ ఉచితంగానే ఉంటుంది, కనీసం అదైనా రాయాలి.

సొంతంగా చదువుకోవడం

దీన్ని డబ్బులేనివాళ్ల దారిగా చూస్తారు, అది తప్పు. "తప్పు" బిట్లు, "టైమ్" బిట్లు కలిపి "రాదు" కంటే ఎక్కువుండి, తన టైమ్‌టేబుల్ తాను పాటించే పిల్లలకు ఇదే అన్నిటికంటే మంచి దారి. రోజు మొత్తం వాళ్ల చేతిలో ఉంటుంది. వచ్చిన చాప్టర్ మీద క్లాసులో కూర్చుని పూట వృథా చేసుకోవక్కర్లేదు.

కావాల్సినవి మూడే: ఇంటర్ పాఠ్యపుస్తకాలు, పాత పేపర్లు, ఒక తప్పుల నోట్‌బుక్. రెండు రాష్ట్రాల్లోనూ ఏటా ఇంజినీరింగ్‌కు చాలా సెషన్లు జరుగుతాయి, సెషన్‌కో పేపర్. మూడేళ్లవి పోగేస్తే నలభై రోజులకు సరిపోయి మిగులుతాయి. పక్క రాష్ట్రం పేపర్లూ చేయొచ్చు, పద్ధతి ఒకటే.

సొంతంగా చదివేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఆప్షన్ల నుంచి వెనక్కి రావడం. షార్ట్ టర్మ్‌లో సార్లు దీన్నే 'షార్ట్‌కట్' అని గొప్పగా చెబుతారు. ఒక ఉదాహరణ చూడండి. 1×2 + 2×3 + 3×4 + … ఇలా 'ఎన్' పదాల మొత్తం ఎంత? ఆప్షన్లలో ఒకటి ఎన్(ఎన్+1)(ఎన్+2)/3, ఇంకోటి ఎన్(ఎన్+1)(2ఎన్+1)/3. సిగ్మా ఫార్ములాలతో చేస్తే నిమిషంన్నర. ఎన్ = 1 పెట్టండి: మొత్తం 2 రావాలి, రెండు ఆప్షన్లలోనూ 2 వస్తుంది. చాలామంది ఇక్కడే మొదటిది టిక్ పెట్టి వెళ్లిపోతారు. ఎన్ = 2 కూడా పెట్టండి: మొత్తం 2 + 6 = 8. మొదటి ఆప్షన్ 8 ఇస్తుంది, రెండోది 10. ఇరవై సెకన్లలో పని అయిపోయింది. పాత పేపర్ ఒకటి తీసుకుని ఇలా ఆప్షన్ల నుంచి చేయగలిగే బిట్లు ఎన్నున్నాయో ఒక సాయంత్రం లెక్కపెడితే మీకే తెలుస్తుంది.

ఇంకోటి, నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క బిట్టు కూడా ఖాళీగా వదలకూడదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున నాలుగింట్లో ఒకటి తగులుతుంది. పైన చెప్పిన మొదటి పిల్లాడు టైమ్ అందని 38 బిట్లకు చివరి ఐదు నిమిషాల్లో ఏదో ఒకటి నొక్కి ఉంటే తొమ్మిదో పదో మార్కులు వచ్చేవి. మధ్యస్థంగా మార్కులొచ్చే చోట ఒక్కో మార్కుకు వందల ర్యాంకులు మారతాయి. కోచింగ్‌తో పని లేని మార్కులు ఇవి.

సొంత చదువులో ఇబ్బందల్లా, ఎక్కడ ఇరుక్కున్నామో చెప్పేవాళ్లుండరు. ఊళ్లో జూనియర్ లెక్చరర్ ఎవరైనా ఉంటే వారానికి రెండు సాయంత్రాలు డౌట్లకు వెళ్లేలా మాట్లాడుకోండి. మొత్తం సిలబస్ ట్యూషన్ అక్కర్లేదు.

లాంగ్ టర్మ్

ఏడాది ఆగడం. ఇది మిగతా మూడింటితో పాటు ఒకే వరుసలో పెట్టాల్సింది కాదు, ఎందుకంటే ఖర్చయ్యేది ఫీజు ఒక్కటే కాదు, ఒక సంవత్సరం.

జేఈఈ కోసం ఆగడంలో అర్థం ఉంది. మెయిన్ వరుసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లు రాయొచ్చు. గెలిస్తే ఎన్ఐటీ, ఐఐటీ. కేవలం ఎప్‌సెట్ ర్యాంకు కోసం ఏడాది ఆగడం మాత్రం చాలామందికి గిట్టుబాటు కాదు. వచ్చిన ర్యాంకుకు కాస్త చిన్న కాలేజీలో నచ్చిన బ్రాంచ్ దొరికితే చేరిపోవడమే మంచిదని నేననుకుంటాను.

మినహాయింపులున్నాయి. ఇంటర్ రెండేళ్లలో జబ్బు వల్లో ఇంటి కష్టాల వల్లో చదువే సాగనివాళ్లు, "రాదు" బిట్లు సగం పేపర్ పైన ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్క కూడా కొందరికి ముఖ్యం. బీసీ, ఈబీసీ విద్యార్థులకు 10 వేల లోపు ర్యాంకైతే పూర్తి ఫీజు, దాటితే 35 వేల వరకే అన్న పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. 11 వేల ర్యాంకు వచ్చినవాడు ఇది చూసుకుని బాధపడటం సహజమే. కానీ నాలుగేళ్లలో మిగిలే ఫీజులోంచి లాంగ్ టర్మ్ ఫీజు, హాస్టల్ తీసేసి, ఉద్యోగంలో ఒక ఏడాది జీతం కూడా తీసేసి చూడండి. ఆపైన మిగిలేది పెద్దగా ఉండదు.

ఆంధ్రప్రదేశ్ పిల్లలు లాంగ్ టర్మ్‌కు ముందు ఇంటర్ మార్కులు చూసుకోవాలి. గ్రూపు మార్కులు 600కు అనుకుంటే, వాటికి 25 పాయింట్లు. ఎప్‌సెట్ 160కి 75 పాయింట్లు. అంటే ఎప్‌సెట్‌లో ఒక బిట్టు ఇంటర్‌లో దాదాపు 11 మార్కులతో సమానం. ఇంప్రూవ్‌మెంట్ రాసి 50 మార్కులు పెంచుకుంటే వచ్చే లాభం నాలుగైదు బిట్లు. ఇంటర్‌లో మరీ తక్కువొచ్చినవాళ్లకు తప్ప ఆ శ్రమ ఎప్‌సెట్ మీద పెట్టడమే మేలు. ఆ రాష్ట్రంలో 2025-26 నుంచి ఇంటర్ ఫస్టియర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది. పాత పుస్తకాలతో చదివి ఏడాది ఆగేవాళ్లు తాము రాయబోయే ఏడాది సిలబస్ ఏదో నోటిఫికేషన్‌లో చూసుకోకుండా పాత మెటీరియల్ కొనొద్దు.

ఒక చోట పెట్టి చూస్తే

| | షార్ట్ టర్మ్ | ఆన్‌లైన్ క్లాసులు | టెస్ట్ సిరీస్ + సొంత చదువు | లాంగ్ టర్మ్ |
|---|---|---|---|---|
| "రాదు" బిట్లకు | కొంచెమే | బాగా, రెండు నెలలుంటే | రెండు మూడు చాప్టర్లైతే సరే | బాగా |
| "టైమ్" బిట్లకు | బాగా | పనికిరాదు | బాగా | బాగా |
| "తప్పు" బిట్లకు | పేపర్ చూసుకోనిస్తేనే | పనికిరాదు | అన్నిటికంటే బాగా | పర్వాలేదు |
| ఖర్చు | ఎక్కువ, హాస్టలైతే ఇంకా | మధ్యస్థం | చాలా తక్కువ | అన్నిటికంటే ఎక్కువ, పైగా ఒక ఏడాది |
| ఇంట్లో కావాల్సింది | ఏమీ లేదు | నెట్, ఫోన్ మీద అదుపు | ఒక టేబుల్, పట్టుదల | ఏడాది ఓపిక, అమ్మానాన్నలకు కూడా |

మీరు ఎవరైతే ఏది

జేఈఈ బ్యాచ్ నుంచి వచ్చినవాళ్లకు మళ్లీ క్లాసులు అనవసరం. మెయిన్ రెండో విడత అవ్వగానే ఎప్‌సెట్ పేపర్లు మొదలుపెట్టాలి. పక్కన పెట్టిన హైపర్బోలిక్ ప్రమేయాలు, పాక్షిక భిన్నాలు తిరగేయాలి. 2024లో జేఈఈ మెయిన్ నుంచి తీసేసిన సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్లు లాంటివి తమ ఎప్‌సెట్ సిలబస్‌లో ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే అవి చదివినవాడికి చదివినంత మార్కులు.

ప్రభుత్వ కాలేజీలో తెలుగు మీడియం చదివి, ఎప్పుడూ కంప్యూటర్ మీద పరీక్ష రాయనివాళ్లకు రెసిడెన్షియల్ షార్ట్ టర్మ్ మీద అప్పు చేయొద్దని చెబుతాను. బోర్డు పరీక్షలకు బాగా చదివుంటే పునాది ఉన్నట్టే. కావాల్సింది బిట్ల అలవాటు, మౌస్ అలవాటు. ఉచిత పాఠాలు, నెట్ సెంటర్, డౌట్లు చెప్పే లెక్చరర్ ఒకరు చాలు.

మొదటి పేపర్లోనే 110 దాటినవాళ్లు ఎక్కడా చేరక్కర్లేదు. టెస్ట్ సిరీస్ ఒకటి తీసుకుని తప్పుల నోట్‌బుక్ నింపుకోవడమే పని.

ఇంట్లో చెబితే వినడు, ఫోన్ వదలడు అన్న పిల్లాడైతే డే స్కాలర్ షార్ట్ టర్మ్ వేయండి. అక్కడ చెప్పే పాఠం కోసం కాకపోయినా రోజూ పది గంటలు కుర్చీలో కూర్చుంటాడు. మొదటి పేపర్లో "రాదు" ఎక్కువొచ్చి ఉంటే మాత్రం అన్ని చాప్టర్లూ పట్టుకోవద్దు. మ్యాథ్స్‌లో సగం మార్కులున్నాయి కాబట్టి అందులోంచి ఏడెనిమిది తేలిక చాప్టర్లు (మ్యాట్రిక్సులు, వెక్టార్లు, సంభావ్యత, వృత్తాలు లాంటివి) ముందు గట్టి చేసుకోమనండి.

చేరాలని తేల్చుకుంటే మొత్తం ఫీజు ఒకేసారి కట్టొద్దు. మొదటి వారం అయ్యాక వాడు రాసిన రెండు టెస్ట్ పేపర్లు అడిగి తీసుకుని మళ్లీ రాదు, టైమ్, తప్పు లెక్కపెట్టండి. మధ్యలో మానేస్తే డబ్బు ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి.